రంగు ఫిల్ముకు పసుపు

మే 11, 1966, బుధవారం

అబ్బాయి నిన్న బాపట్లలో పెళ్ళి ఫోటోలకని వెళ్ళాడు. ఇంకా రాలేదు. బస్సు బోల్తా పడి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారే. ఎవరూ రాలేదు కాబట్టి పడలేదు. అయినా మజ్జిగన్నం గొంతు దిగలేదు.

ఇవాళ ఒక పని చేశాను. తప్పేమీ కాదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే కోడలు పురిటికి పొదిలి వెళ్ళింది. అందుకని ఈ పుస్తకం తీశాను. ఆయన ఉన్నప్పటి స్టూడియో ఆర్డరు పుస్తకం, సగం తెల్లగానే ఉంది. నాకు అక్షరాలు నేర్పింది ఆయనే, నెగటివ్ కవర్ల మీద పేర్లు రాయడానికి. ముప్పై ఏళ్ళు చీరాల ఊరందరి పేర్లూ రాశాను. నా సంగతి రాసుకోవడం ఇదే మొదలు.

సోమవారం అబ్బాయి యలమందయ్యగారి ఊరు వెళ్ళి రంగు ఫోటోలు తీశాడు. మన స్టూడియోలో రంగు ఫిల్ము ఇదే మొదటిది. మద్రాసు నుంచి తెప్పించాడు. కడగడానికి బొంబాయి పంపాలి. మొత్తం పన్నెండే ఫోటోలు. యలమందయ్యగారికి ఉన్నవన్నీ రంగులో కావాలట. ఎండ బాగున్నప్పుడు ముందు ఎడ్లు, తర్వాత కొత్త ట్రాక్టరు, తర్వాత పొగాకు ఎండబెట్టే బ్యారను, కళ్ళంలో మిరపకాయలు. తల్లి బసవమ్మగారిని మంచంతో సహా అన్నిటికన్నా చివర బయటికి తెచ్చారట. ఆవిడకు ఎనభై దాటాయి, లేవలేదు. "మా అమ్మది పచ్చని ఛాయ. చేతుల నిండా పచ్చబొట్లు. అవన్నీ నల్ల ఫోటోలో ఏం తెలుస్తాయయ్యా" అన్నాడట. అంత ముద్దుల తల్లిని ఎడ్ల తర్వాత తీయించుకున్నాడు. మనకెందుకు.

స్టూడియోలో పనిచేసే బుడాన్ పదకొండింటికి వచ్చి పార్సిలు కట్టి పోస్టులో వేయాలని అబ్బాయి చెప్పి వెళ్ళాడు. ఫిల్ము చుట్ట, వెనక కాగితంతో సహా చుట్టి, బల్ల మీద ఉంది. కొత్త వస్తువుకు పసుపు పెట్టకుండా పని మొదలెట్టిన ఇల్లు కాదు మాది. మా మామగారు మగ్గానికి పెట్టాడు. మా ఆయన మగ్గం వదిలి కెమెరా పట్టినప్పుడు దానికీ పెట్టాడు. పసుపు తడిపి, గడపకు రాసినట్టు చుట్ట చుట్టూ రాశాను. రెండు కొసలా బొట్లు పెట్టాను. విప్పలేదు. విప్పితే వెలుతురు తగులుతుందని నాకు తెలియదా. దేవుడి దగ్గర పెట్టి కర్పూరం వెలిగించాను. బుడాన్ చెప్పుల చప్పుడు వినగానే రేకు డబ్బాలో వేసి మూత బిగించాను. పసుపు ఇంకా తడిగానే ఉంది. రోళ్ళు పగిలే ఎండలు, ఆరదా.

కోడలుంటే కోడలితో పెట్టించేదాన్ని. ముట్టకూడని చేత్తో ముట్టాను. ఆయన పోయి ఆరేళ్ళు. కానీ కన్నతల్లికి ఆ దోషం లేదంటారు. అన్నారు, ఎవరో.

మే 12

అబ్బాయి క్షేమంగా వచ్చాడు. బుడాన్ పోస్టు రసీదు ఇచ్చాడు. నాతో ఏమీ అనలేదు. డబ్బా తెరిచి చూసి ఉండడు.

మే 20

బసవమ్మగారు నిన్న సాయంత్రం పోయారట. పెద్దదినానికి రంగు ఫోటో పటం కట్టించి పెట్టాలని యలమందయ్యగారు మనిషిని పంపాడు. ఆవిడ బతుకులో ఫోటో దిగడం అదే మొదలు, అదే ఆఖరు. వేరే ఫోటో లేదు.

"నాలుగు తీశాను కదా, నాలుగిట్లో ఒకటైనా బాగా రాకపోదు" అన్నాడు అబ్బాయి.

రాకపోదు. నేనూ అదే అనుకుంటున్నాను.

మే 24

ఇంకా రాలేదు.

మే 26

పోస్టుమాను ఇవాళ ఎదురింటి వరకు వచ్చి వెనక్కి తిరిగాడు.

మే 28, శనివారం

వచ్చింది.

నేను మజ్జిగ చిలుకుతున్నాను. అబ్బాయి నెగటివ్ తీసి కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. చూసి నా చేతులు కవ్వం మీదే ఉండిపోయాయి. నెగటివంటే నలుపూ తెలుపూ అని ముప్పై ఏళ్ళుగా నాకు తెలుసు. ఇది ఈ కొస నుంచి ఆ కొస దాకా మామిడితాండ్ర రంగు. నా పసుపు మొత్తం లోపలికి దిగిపోయింది అనుకున్నాను.

"ఏమిట్రా అంత పచ్చగా ఉంది?" అన్నాను.

అబ్బాయి నవ్వాడు. "రంగు నెగటివ్ అలాగే ఉంటుందమ్మా. కంపెనీవాళ్ళే ఆ రంగు వేస్తారు."

"అన్నిటికీనా?"

"ప్రపంచంలో అన్నిటికీ."

నాకు ప్రాణం లేచొచ్చింది. వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. అబ్బాయి ఫోటోలు ఒక్కొక్కటే బల్ల మీద పరుస్తున్నాడు. ఎడ్లు. ఎంత బాగున్నాయో, కొమ్ములకు కట్టిన ఎర్ర కుచ్చులతో సహా. ట్రాక్టరు. బ్యారను. ఎర్రగా మిరపకాయలు, ఘాటు ముక్కుకు తగిలేటట్టున్నాయి. తొమ్మిదో ఫోటో దగ్గర అబ్బాయి చెయ్యి ఆగింది.

బసవమ్మగారి బుగ్గల మీద సన్నని చుక్కలు, బొల్లి వచ్చినట్టు. నుదుటి మీద ఒక అంకె. ఎవరో ముద్ర గుద్దినట్టు పన్నెండు. చివరి ఫోటోలో ఒక కన్ను లేనేలేదు, అక్కడ గులాబీ రంగు మరక.

బుడాన్‌ను పిలిచాడు. బుడాన్ మా ఆయన చేతికింద చేరినవాడు, ఇరవై రెండేళ్ళ నుంచి మా డార్క్‌రూము అతనిదే. అబ్బాయిని ఎత్తుకు తిప్పాడు, అబ్బాయి మామా అంటాడు. ఫోటో పట్టుకుని చాలాసేపు చూశాడు. తల ఎత్తలేదు.

కొబ్బరికాయ మాట ఎలాగా. మొక్కింది మొక్కినట్టే. సోమవారం కొడతాను.

మే 29

ఇవాళంతా ఇద్దరూ ఆ మచ్చలతోనే ఉన్నారు. నేను వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఒక్క రాయీ కనపడలేదు, కళ్ళు అక్కడే ఉంటేగా.

ముందు బొంబాయి ల్యాబువాళ్ళు సరిగ్గా ఆరబెట్టలేదేమో అన్నాడు అబ్బాయి. నీటిచుక్క ఆరితే మచ్చ పడుతుంది కదా. బుడాన్ చివరి ముక్కను మంచినీళ్ళలో నానబెట్టి మళ్ళీ ఆరేశాడు. మచ్చ పోలేదు. తర్వాత కెమెరాకు కన్నం పడి వెలుతురు దూరిందేమో అన్నాడు అబ్బాయి. అదే కెమెరాలో మామూలు ఫిల్ము వేసి పెరట్లో నన్నే నిలబెట్టి తీశాడు. బుడాన్ అప్పటికప్పుడు కడిగి తెచ్చాడు. నా మొహం శుభ్రంగా ఉంది, ఒక్క చుక్క లేదు. అది చూసి నాకు సిగ్గేసింది, ఎందుకో.

"పెన్సిలు పెట్టి మాపలేవా మామా?" అన్నాడు అబ్బాయి. "పెళ్ళికూతుళ్ళ మశూచి మచ్చలే మాపేశావు."

"నలుపు తెలుపైతే మాపుతాను బాబూ. దీంట్లో మూడు రంగులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పెన్సిలు ఆనిస్తే అక్కడ ఇంకో రంగు మరక లేస్తుంది."

తర్వాత బుడాన్ స్కేలు పట్టుకుని కూర్చున్నాడు. ఒక మచ్చకూ ఇంకో మచ్చకూ మధ్య ఎంత దూరమో కొలిచాడు. ఖాళీ చుట్ట ఒకటి తెచ్చి దారం చుట్టి చూశాడు.

"ఇది కెమెరాలో పడింది కాదు, ల్యాబులో పడింది కాదు" అన్నాడు. "మచ్చలన్నీ ఒకే ఎడంలో మళ్ళీ మళ్ళీ వచ్చాయి, లోపలికి పోయేకొద్దీ ఆ ఎడం తగ్గింది. ఫిల్ము చుట్టి ఉన్నప్పుడు తడి తగిలింది. తడికి వెనక కాగితం మీది అంకెలు ఫిల్ముకు అంటుకున్నాయి."

"కొన్నప్పుడే తడిసిందేమో, షాపులో?"

"అప్పుడైతే మొదటి ఫోటో పై పొరలో ఉంటుంది, ఎడ్లు పాడయ్యేవి. ఫోటోలు తీశాక చుట్ట తిరగబడుతుంది. చివరిది పైకొస్తుంది. చివరివే పాడయ్యాయి. తీసిన తర్వాతే తడి తగిలింది బాబూ. బొంబాయి చేరేలోపు."

అది చెప్పి బుడాన్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను బియ్యం చాటలోకి చూశాను.

"తీసిన తర్వాత కట్టింది నువ్వేగా మామా" అన్నాడు అబ్బాయి.

బుడాన్ స్కేలు బల్ల మీద పెట్టాడు. "కట్టింది నేనే బాబూ" అన్నాడు.

మే 30

కొబ్బరికాయ కొట్టాను. కుళ్ళింది.

జూన్ 1, బుధవారం

యలమందయ్యగారు వచ్చాడు. పెద్దదినం ఫోటో లేకుండానే జరిగిపోయిందట. గుండు మీద తువ్వాలు వేసుకుని మెట్ల మీదే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. వీధి వీధంతా వినపడేటట్టు అరిచాడు.

"ఏం శ్రీమన్నారాయణా! నా ఎడ్లు ఫోటోలో పడతాయి, నా ట్రాక్టరు పడుతుంది, నా తల్లి పడదా? మళ్ళీ తెమ్మంటే ఎక్కణ్ణించి తెచ్చేది, కాటి నుంచా?"

అబ్బాయి మెట్ల దగ్గరికి వెళ్ళాడు. "తప్పు జరిగిందండి" అన్నాడు.

"ఎవడు చేశాడో చెప్పు. ఊరికే జరుగుతుందా తప్పు?"

అబ్బాయి ఒక్కసారి లోపలికి చూశాడు. నేను తలుపు పక్కన ఉన్నాను. "మా బుడాన్ తడిచేతులతో పార్సిలు కట్టాడండి" అన్నాడు.

బుడాన్ అక్కడే ఉన్నాడు. యలమందయ్యగారు అన్న మాటలు రాయను. బుడాన్ చేతులు కట్టుకుని విన్నాడు. ఆయన వెళ్ళాక అబ్బాయి గొంతు తగ్గించి, "రేపటి నుంచి రావద్దు మామా" అన్నాడు.

బుడాన్ డార్క్‌రూములో తన పెన్సిళ్ళు ఏరుకుని తువ్వాలులో చుట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా ముందు ఆగాడు. "వస్తానమ్మగారూ" అన్నాడు. ఇంకేదో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నేను చెబుతానని ఆగాడేమో. నోరు ఎండిపోయింది నాకు, ఎండలు అలా ఉన్నాయి.

జూన్ 3

డార్క్‌రూములో పనిచేసేవాడికి చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆ రోజు కూడా ఉండే ఉంటాయి. నా పసుపు ఆరిపోయింది. అంత ఎండకు ఆరక ఏం చేస్తుంది.

జూన్ 4

మూత బిగించిన డబ్బాలో ఎండ ఎలా తగులుతుంది అనిపించింది అన్నం వారుస్తుంటే. గంజి చేతిమీద పడింది. బొబ్బ లేచింది.

జూన్ 5

ఆరే ఉంటుంది.

జూన్ 9

కోడలికి మగపిల్లవాడు. తల్లీ బిడ్డా క్షేమమని టెలిగ్రాం. తలుపు కొట్టి టెలిగ్రాం అనగానే నా పని అయిపోయిందనుకున్నాను. ఇంట్లో శుభం జరిగింది కాబట్టి నా చేతికి దోషం లేనట్టే. అంటే ఆ ఫోటోలు నా వల్ల పాడయినవి కావు.

ఇప్పుడు చెబితే అందరూ ముందు ఏమంటారు? ముండమోసిన చేత్తో పసుపు పెట్టింది, ఆ ముసలమ్మ చచ్చింది అంటారు. ఫోటో సంగతి తర్వాత. పసిబిడ్డ ఉన్న ఇల్లు. నా గురించి కాదు, బిడ్డ గురించి చూసుకోవాలి.

జూన్ 18

బొంబాయి నుంచి మందపాటి కవరు వచ్చింది. అబ్బాయి ల్యాబువాళ్ళను తిడుతూ ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు, దానికి జవాబు. చదివాడు. కవర్లో నుంచి ఏదో కాగితం తీసి చూశాడు. మళ్ళీ మడిచి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"ఏం రాశారు నాన్నా?"

"ఏమీ లేదమ్మా. అన్నం పెట్టు."

జూలై 2, శనివారం

బుడాన్ భార్య నసీమున్నీసా వచ్చింది. అబ్బాయి స్టూడియోలో లేని వేళ చూసి పెరటి వైపు నుంచి వచ్చింది. పీట వేస్తే కూర్చోలేదు. వేళ్ళు నల్లగా మాడి, పొక్కి ఉన్నాయి. వేటపాలెంలో జీడిపిక్కలు వలిచే పనికి పోతోందట. ఆ జీడి తగిలితే చర్మం ఊడి వస్తుంది.

"బుడాన్ ఏం చేస్తున్నాడే?" అన్నాను.

"ఇంట్లో కూర్చుని గోడ చూస్తున్నాడమ్మగారూ. బాపట్ల స్టూడియోలో అడిగాడు. వాళ్ళు యలమందయ్యగారి చుట్టాలు. తడిచేతులవాడు మాకొద్దన్నారు. ఒంగోలు పోతే అక్కడికీ ఆ మాటే ముందు పోయింది. ఇరవై రెండేళ్ళు ఒక్క నెగటివ్ గీత పడనివ్వని మనిషికి ఆ పేరు పెట్టారు."

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"పార్సిలు కట్టేటప్పుడు డబ్బా తీస్తే చుట్ట నిండా పసుపట. తన పంచె కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాడట. అదే రోజు ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వాడు. 'అమ్మగారికి తెలిసీ తెలియని భక్తి. బాబుకు చెబితే ఆమెను కోప్పడతాడు' అన్నాడు. అంతా అయ్యాక నేనే నెత్తీ నోరూ కొట్టుకున్నాను, చెప్పవయ్యా అని. అమ్మగారే చెబుతారు ఆగవే అన్నాడు. నెల రోజులు ఆగాడు. మీరు పసుపు పెట్టింది ఫిల్ముకు కాదమ్మగారూ, మా పొయ్యికి. అప్పట్నుంచీ అది వెలగలేదు."

"నేనేం చెయ్యనే ఇప్పుడు?"

"యలమందయ్యగారితో ఒక్కమాట చెప్పండి, మా ఆయన తప్పు లేదని. ఆయన ఊ అంటే బాపట్లలో తీసుకుంటారు. మీ పేరు చెప్పుకోనక్కర్లేదు, ఎలా చెప్పినా సరే. తప్పు మా ఆయనది కాదనండి, చాలు."

పచ్చడి పెట్టిస్తానంటే వద్దని వెళ్ళిపోయింది.

జూలై 3

అబ్బాయితో చెప్పేశాను. చెబుతుంటే దగ్గొచ్చింది, ఏడుపొచ్చింది, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. పసుపు, కర్పూరం, డబ్బా మూత, అన్నీ. అబ్బాయి లెన్సు తుడుచుకుంటున్నాడు. తుడవడం ఆపలేదు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

సొరుగు తాళం తీసి ఆ కవరు నా ముందు పెట్టాడు. ఫిల్ము వెనక ఉండే కాగితం. ల్యాబువాళ్ళు చుట్ట తడిగా వచ్చిందని అనుమానపడి దాచి పంపారట. పసుపు తుడిచినా పోలేదు. నా మూడు వేళ్ళ గుర్తులు పచ్చగా కనపడుతున్నాయి.

"బుడాన్ మామ ఫిల్ముకు పసుపు పెడతాడా?" అన్నాడు.

"మరి తెలిశాక పిలవలేదేమిరా?"

"పిలిచి ఏం చెప్పేది? యలమందయ్య ఊరుకుంటాడా? ఎవరు చేశారని మళ్ళీ వస్తాడు. స్టూడియో యజమాని తల్లే ఫోటోలు తగలేసిందంటే ఈ మెట్లు ఎవడు ఎక్కుతాడు? మామ వెళ్ళిపోతే స్టూడియో ఉంటుంది. నీ పేరు బయటికొస్తే స్టూడియో ఉండదు, నువ్వూ ఉండవు. నీ సంగతి నాకు తెలియదా, మంచం పడతావు."

నిజమే, పడతాను.

"నసీమున్నీసా యలమందయ్యగారితో చెప్పమంది."

"నేను చెప్పను. చెప్పేదైతే నువ్వే చెప్పుకో" అని లెన్సుకు మూత పెట్టాడు.

వాడు నా కోసమే చేశాడు. కన్నతల్లి కోసం కొడుకు చేస్తే తప్పేముంది. బుడాన్ వెళ్ళిన ముప్పై రెండు రోజులకు ఇవాళ అన్నం సయించింది. వాడికి తెలిశాక ఇది నా ఒక్కదాని బరువు కాదు.

జూలై 20

యలమందయ్యగారి ఊరు వెళ్ళి చెప్పివద్దామని తయారయ్యాను. మబ్బు పట్టింది. వాన వస్తే ఆ నల్లరేగడిలో బస్సులు దిగబడతాయి. ఆగిపోయాను. వాన రాలేదు.

జూలై 27

ఇవాళ బస్సు దాకా వెళ్ళాను. కిక్కిరిసి ఉంది. తిరిగొచ్చాను.

ఏం చెప్పాలో మాత్రం ఖాయం చేసుకున్నాను. "అయ్యా, ఆ తప్పు బుడాన్‌ది కాదు, అతని చేతులు పొడిగానే ఉన్నాయి, నాకు తెలుసు." అంతే. ఎలా తెలుసు అంటే చూశానని చెప్పాలి. చూడలేదు కానీ అదే నిజం.

ఆగస్టు 9, మంగళవారం

యలమందయ్యగారే వచ్చాడు. నేను వెళ్ళనక్కర్లేకపోయింది. మనవరాలికి ఓణీలు వేయిస్తారట, రంగు ఫోటోలు కావాలని. మనసు మెత్తబడ్డట్టుంది. ఈసారి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అబ్బాయి సంతోషం పట్టలేక నమూనా ఫోటోలు తేవడానికి లోపలికి పరుగెత్తాడు.

మేమిద్దరమే ఉన్నాం. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి నిలబడ్డాను. ఆయన తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఆ బుడాన్ గాణ్ణి తీసేశారుగా? ఈసారి నా పిల్ల ఫోటోలు, జాగ్రత్త."

ఖాయం చేసుకున్న మాట నాలుక మీదికి వచ్చింది.

"బుడాన్ మంచివాడండి" అన్నాను.

"కాదని ఎవరన్నారమ్మా. మంచివాడైతే మాత్రం చేతులు తుడుచుకోవద్దా? మా అమ్మ మొహం ఇప్పుడు నాకు గుర్తు తెచ్చుకుందామన్నా ఆ మచ్చలతోనే వస్తోంది. నుదుటి మీద అంకెతో. కొడుకుగా అది నాకెలా ఉంటుందో మీకు తెలియదు." కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు పెద్దవారు, ఇంట్లో ఉండి అన్నీ చూసేవారు. మీరే చెప్పండి. ఆ పని వాడిదేగా?"

ఇంతకన్నా తిన్నగా ఎవరూ అడగరు. కాదండీ అంటే సరిపోయేది. ఒక్క మాట. లోపల సొరుగు లాగిన చప్పుడైంది. అబ్బాయి వచ్చేస్తున్నాడు.

"అవునండి" అన్నాను.

ఆయనకు కుడి చెవి కొంచెం మందం. ఎడమ చెవి నా వైపు తిప్పి, "ఏమన్నారమ్మా?" అన్నాడు.

ఈసారి వినపడేటట్టు చెప్పాను.